శుక్రవారం పొగ

పోయిన వారం స్నేహలతను తార్నాకలో, సుబ్బలక్ష్మిగారి ఇంటి మెట్ల మలుపులో నిలబెట్టి వదిలేశాం. గోడ మీద నల్లటి మసి వేలిముద్ర ఉంది, దాని పక్కనే ఎవరో శుభ్రంగా పసుపూ కుంకుమా అద్దారు, అది చూసి ఆమెకు అరికాళ్లు చల్లబడ్డాయి. అంతవరకూ వచ్చాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్లు ఈలోపు టీ పెట్టుకోండి.

స్నేహలత యూనివర్సిటీ క్యాంపస్‌లో మహిళా సహాయ కేంద్రం కౌన్సిలర్. ఆమె దాచిపెట్టిన మనిషి పేరు జర్మీనా, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థి. భర్త ఫరీద్ రీసెర్చ్ చేయడానికి వచ్చాడు. అక్కడ ప్రభుత్వం మారి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయాక, భార్యా బిడ్డా తల్లీ అందరూ ఇక్కడే ఉండిపోయారు. క్యాంపస్‌లో ఫరీద్ అంటే అందరికీ ముద్దే. మెత్తగా మాట్లాడతాడు, పెద్దవాళ్లు ఎదురైతే గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచుతాడు. అదే చెయ్యి ఇంట్లో ఏం చేసేదో జర్మీనా విరిగిన భుజం చెబుతుంది. శరణార్థి కార్డు ఇంటిల్లిపాదికీ ఒక్కటే, అది మొగుడి పేరు మీద ఉంది. మొగుణ్ణి వదిలితే ఈ దేశంలో ఆమె ఎవరూ కాదు. సోమవారం ఢిల్లీలో ఆఫీసర్లు ఆమె గోడు విని, ఆమెకూ ఆరేళ్ల కూతురు హీలాకూ వేరే కార్డు ఇచ్చే సంగతి తేలుస్తారు. అందాకా వాళ్లెక్కడున్నారో ఎవరికీ తెలియకూడదు. అందుకే ఎవరికీ చెప్పకుండా సుబ్బలక్ష్మిగారి మేడ మీది గది.

మరి ఈ పొగేమిటంటారా? సాంబ్రాణి పొగ వేసే సాయిబులు ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. ముఖానికి గుడ్డ చుట్టుకుని, చేతిలో ధూపదాని ఊపుకుంటూ వస్తారు, ఇంటికీ కొట్టుకీ పొగ వేస్తారు, ఇచ్చింది తీసుకుని పోతారు. సుబ్బలక్ష్మిగారి వీధికీ ఒక సాయిబు ఏళ్ల తరబడి వస్తున్నాడు. కానీ ఈ మధ్య అతను తెచ్చే పొగ సాంబ్రాణిది కాదని మేడ మీద జర్మీనాకు మొదటిరోజే తెలిసిపోయింది. అది ఇస్పంద్. ఆవగింజలంత నల్లటి గింజలు, నిప్పుల మీద వేస్తే చిటపటమని పేలతాయి. వాళ్ల దేశంలో దిష్టికి వేస్తారు. జర్మీనా అత్త బీబీ గుల్ ఇంట్లో రోజూ వేసేది, ఆ బూడిద వేలితో తీసి మనవరాలి నుదుట చుక్క పెట్టేది. ఇక్కడ పొగ వచ్చిన ప్రతి శుక్రవారమూ గోడ మీద ఒక మసి చుక్క మిగులుతోంది. మొదట గేటు మీద, తర్వాత మెట్ల మొదట్లో, ఆ తర్వాత మెట్ల మలుపులో. సుబ్బలక్ష్మిగారు అది మంగళకరమనుకుని పసుపూ కుంకుమా పెడుతూ వచ్చారు. ఆవిణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ముసలావిడ సాయిబు చేతికి గింజలిచ్చి ఇల్లు వెతికిస్తోందని స్నేహలత తేల్చుకుంది. సోమవారం దాకా వాళ్లను ఇంకోచోటికి మార్చడమే ఎక్కువ ప్రమాదమనుకుంది. వారమంతా ఆ కోపంతోనే ఉడికిపోయింది. ఆ కోపం తీర్చుకునే అవకాశం ఈ శుక్రవారం సాయంత్రం, కేంద్రం మూసే వేళకు, తనంతట తానే నడిచి వచ్చింది.

“మేడమ్, గా ముసలామె వచ్చింది. ఒక్కతే ఉన్నది,” అన్నాడు అటెండర్ సమ్మయ్య, గొంతు బాగా తగ్గించి.

సమ్మయ్య అంత తేలిగ్గా బెదిరే మనిషి కాదు. పెళ్లాలను వెతుక్కుంటూ కత్తులతో వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపినవాడు. అటువంటివాడు గుమ్మం అవతలికి చూడ్డానికి జంకుతున్నాడు. ఏమైందంటే, ఆమె బెంచీ మీద కూర్చున్నప్పటినుంచి కదల్లేదట, మెదల్లేదట, లోపలినుంచి వచ్చే గాలిని మాటిమాటికీ వాసన చూస్తోందట.

బీబీ గుల్ లోపలికి వచ్చింది. నల్లటి చాదర్, తెల్లటి కనుబొమ్మలు, ఎండిపోయిన పెదాలు. స్నేహలత కూర్చోమని కూడా అనలేదు. కౌన్సిలర్ అలా చేయకూడదు, నిజమే, కానీ కౌన్సిలర్‌కీ ఒళ్లు మండుతుంది. వచ్చీరాని ఉర్దూలో, మధ్యలో తన కరీంనగర్ తెలుగు కలిపి దులిపేసింది. ఆ పొగ మీదేనని నాకు తెలుసు, ఆ పిల్ల రాత్రుళ్లు ఏడ్చి లేస్తోందని మీకు తెలుసా, కోడల్ని కొడుతుంటే పక్క గదిలో కూర్చుని జపం చేసుకున్నది చాలక ఇప్పుడు వెంటపడి వేటాడతారా అని అడిగేసింది. అడుగుతూండగానే ఒక చిన్న సంగతి ఆమె ముక్కుకు తట్టింది. ఇంతసేపటినుంచీ ఎదుట నిలబడి ఉన్న మనిషి బట్టల్లో పొగ వాసన లేదు. ఒక్క పిసరు కూడా లేదు.

బయట రాళ్ల గుట్టల వైపునుంచి నెమలి ఒకటి అరిచింది. క్యాంపస్‌లో నెమళ్లు సాయంత్రాలు అరుస్తూనే ఉంటాయి. ఈవేళ మాత్రం ఎవరినో గొంతు పట్టుకున్నట్టు అరిచింది.

“నేను ఇస్పంద్ వెలిగించి చాలా రోజులైంది, బేటీ,” అంది బీబీ గుల్. ఇన్నేళ్లలో నేర్చుకున్న ఉర్దూ ఆమెది, మాట మాటకీ మధ్య వెతుక్కుంటుంది. “కోడలు వెళ్లిపోయిన రోజునుంచి నా ధూపదాని నా చేతుల్లో లేదు.”

“మరి ఎక్కడున్నది?”

“శుక్రవారం పొద్దు వాలేముందు నా కొడుకు తీసుకుపోతాడు. రాత్రికి తెచ్చి యథాస్థానంలో పెడతాడు. లోపల వెచ్చని బూడిద ఉంటుంది. ఎక్కడికి తీసుకెళ్తున్నావురా అని ఒక్కసారి అడిగాను.”

చాదర్ పక్కకు తీసి ముంజేయి చూపించింది. ధూపదాని మూత ఎంత గుండ్రంగా ఉంటుందో అంత గుండ్రంగా, మూత మీది పువ్వుల చెక్కడంతో సహా, ఎర్రగా కాలిన మచ్చ.

స్నేహలత వారమంతా తిట్టుకున్నది ఈ మనిషినా. సిగ్గేసింది, దానికి మించి భయమేసింది. కుర్చీ లాగి ముసలావిణ్ణి కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది. ఆ తర్వాతే అసలు ప్రశ్న అడగగలిగింది. ఇల్లు అతనికెలా తెలిసింది? కేంద్రంలో తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్‌లో ఎన్నడూ చెప్పలేదు, కాగితం మీద పెట్టలేదు, జర్మీనా ఫోన్‌లోంచి సిమ్ తీసి పారేసింది. ఎలా తెలిసింది?

బీబీ గుల్ ఆమె మొహంలోకి చాలా జాలిగా చూసింది.

“నువ్వు నాన్‌లు కొన్నావు కదా, బేటీ.”

కొంది. ముషీరాబాద్‌లో, నాన్‌లు కాల్చే భట్టీ దగ్గర. హీలా అన్నం ముట్టడం లేదని, వాళ్ల ఊరి రొట్టె కోసం ఏడుస్తోందని జర్మీనా చెబితే మనసు ఆగలేదు. పోయినప్పుడల్లా వేడివేడిగా కట్టించుకుని స్కూటీ డిక్కీలో వేసుకుని వెళ్లింది.

“వాడు అక్కడే రొట్టెలు కొంటాడు. నిన్ను చూశాడు. ఇంటికొచ్చి నవ్వుకుంటూ చెప్పాడు. అన్నం తినే మనిషి, ఇంట్లో మొగుడూ పిల్లలూ లేని మనిషి, అన్ని నాన్‌లు ఎవరికోసం కొంటుందమ్మా అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు నీ బండి వెనకాలే వచ్చాడు.”

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని, చివరికి పసిపిల్ల ఆకలి మీద జాలిపడి దొరికిపోయింది స్నేహలత. ఇల్లు తెలిసినవాడు నేరుగా తలుపు కొట్టొచ్చు కదా, ఈ వేషం దేనికని అడిగింది. మొదట్లో ఏ అంతస్తులో ఉన్నారో తెలియక వేశాడు, అంది బీబీ గుల్. వీధిలోని పాత సాయిబుకు డబ్బిచ్చి శుక్రవారాలు రావద్దన్నాడట, అతని ఆకుపచ్చ శాలువా కూడా కొనేశాడట.

“తర్వాత తెలిసింది. తెలిసినా మానలేదు. ఆ వాసన కోడలికి తగలాలి, వస్తున్నాడని దానికి తెలియాలి, ఎప్పుడు వస్తాడో మాత్రం తెలియకూడదు. కొట్టడం కంటే వాడికి అదే ఎక్కువ ఇష్టం. వాడి తండ్రీ అంతే.”

ముసలావిడ చాదర్ సర్దుకుని, ఈవేళ ఎందుకొచ్చానో చెబుతాను విను అంది. సోమవారం ఢిల్లీ సంగతి ఎవరి నోటో ఫరీద్ చెవిన పడింది. మధ్యాహ్నం సంచీ సర్దుకున్నాడు. ధూపదానితో పాటు హీలా ఉన్ని కోటు కూడా అందులో పెట్టుకున్నాడు.

ఇప్పుడేమో ఆగస్టు. ఉక్కపోతకు ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పోస్తున్నాయి. ఉన్ని కోటు పనికొచ్చే చోటు ఇక్కడికి చాలా దూరంలో ఉంది.

కిటికీ బయట ఎండ రంగు మారుతోంది. శుక్రవారం. దీపాలవేళ దగ్గరపడుతోంది.

స్నేహలత సుబ్బలక్ష్మిగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. దీపాలు పెట్టే వేళ ఆవిడ ఫోన్ ముట్టరు. మేడ మీద జర్మీనాకు ఫోనే లేదు, ఆ జాగ్రత్త స్నేహలతదే. ఇక చేసేదేముంది? ఇన్నాళ్లు నోట్లోంచి జారనివ్వని అడ్రసును సమ్మయ్యకు గట్టిగా, ఇంటి నంబరుతో సహా చెప్పేసింది.

“అన్నా, వంద నంబరుకు కొట్టు. చిన్నపిల్లను ఎత్కపోతుండని చెప్పు. వాళ్లు లేటు చేస్తే నువ్వే పోయి తోలుకరా.”

స్కూటీ తీస్తుంటే వెనక బరువు తెలిసింది. బీబీ గుల్ ఎక్కి కూర్చుంది. దిగమని చెప్పే టైము లేదు, చెప్పినా దిగేలా లేదు.

హాస్టళ్ల ముందునుంచి, చెట్ల కింద చీకటి ముందే పడిన రోడ్డు మీద బండి పోతోంది. టీ బండ్ల దగ్గర పిల్లలు నవ్వుకుంటున్నారు, ఎవరో బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. లోకం ఎక్కడిదక్కడ మామూలుగానే ఉంది, అదే స్నేహలతకు భరించరానిదిగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నిన్నటి ఫోన్. సుబ్బలక్ష్మిగారు చేశారు. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది అమ్మాయ్, దిష్టి గట్టిగా తగిలింది, రేపు సాయిబు వస్తే మేడ మీద కూడా పొగ వేయించనా అని అడిగారు. స్నేహలత అప్పుడు ఢిల్లీకి పంపాల్సిన మెయిల్ రాస్తోంది. పొగ వేసేది ఆ పాత సాయిబేననీ, గింజలు మాత్రమే ముసలావిడవనీ ఇంకా అనుకుంటోంది. సాయిబును లోపలికి రానివ్వొద్దని చెప్పాలనుకుంది. చెప్పాలనుకుంటూనే, సగం చెవితో విని, “మీ ఇష్టం ఆంటీ” అంది.

మీ ఇష్టం ఆంటీ. ఆ మూడు మాటలూ తార్నాక చేరేదాకా చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి.

వీధి మలుపు తిరగ్గానే వాసన తగిలింది. వెనకనుంచి బీబీ గుల్ వేళ్లు ఆమె భుజంలోకి దిగబడ్డాయి. కాస్త చేదు, కాస్త తీపి, గొంతులో గరగరలాడే వాసన. వీధిలో పొగ కనిపించడం లేదు, వాసన మాత్రం ఇంటింటి ముందూ నిలబడి ఉంది.

సుబ్బలక్ష్మిగారి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తెరిచే ఉంటుంది. ఎవరొచ్చినా గడియ తియ్యొద్దు ఆంటీ అంటే ప్రతిరోజూ తు.చ. తప్పకుండా పాటించిన మనిషి, శుక్రవారం దీపాలు పెట్టేవేళ మాత్రం మాట వినరు. ఆ కాస్సేపు వీధి తలుపు మూసుంటే లక్ష్మి గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుందని ఆవిడ నమ్మకం. అమలాపురం నుంచి తెచ్చుకున్న నమ్మకం, అరవై ఏళ్లుగా ఒక్క శుక్రవారం తప్పలేదు. గుమ్మానికి రెండు పక్కలా ప్రమిదలు వెలుగుతున్నాయి. వాటి మధ్యనుంచి మసి అంటిన అడుగులు లోపలికి వెళ్లాయి.

“వచ్చావా స్నేహా, ప్రసాదం తిను. ఈవిడెవరు?” అన్నారు సుబ్బలక్ష్మిగారు చీపురుపుల్లతో ఒత్తి ఎగదోస్తూ. ఆవిడ కళ్లలో శుక్లాలు, మనిషి కంటే ముందు చీర రంగు కనిపిస్తుంది. శాలువా రంగు కూడా అంతే.

“ఆంటీ, పొగ సాయిబు ఏడీ?”

“పైన ఉన్నాడు. నేనే పంపాను. నువ్వు సరేనన్నావుగా. పాపం మంచివాడమ్మా, వద్దు వద్దంటాడు, రమ్మంటే గానీ గడప దాటడు. ఇవాళ నేనే చెయ్యి పట్టుకుని మెట్లదాకా తీసుకెళ్లాను.”

“హీలా? హీలా ఎక్కడున్నది?”

“ఇప్పటిదాకా ఇక్కడే, దీపాలు చూస్తూ నా ఒళ్లో కూర్చుంది. పొగ వాసన తగలగానే పిచ్చిదానిలా లేచి పైకి పరుగెత్తింది. నేను పిలుస్తున్నా ఆగలేదు. ఏవిటమ్మాయ్, అలా ఉన్నావేం?”

స్నేహలత మెట్లెక్కింది. మొదటి మెట్టు పక్కన పాత మసి చుక్క, దానికి కుంకుమ. మలుపులో మరో చుక్క, దానికీ కుంకుమ. పై అంతస్తు చేరేసరికి కళ్లు మండుతున్నాయి. గది తలుపు మీద, సరిగ్గా ఆరేళ్ల పిల్ల నుదురు ఉండే ఎత్తులో, ఇప్పుడే పెట్టిన కొత్త చుక్క. దానికి ఇంకా ఎవరూ కుంకుమ పెట్టలేదు.

తలుపు బయటినుంచి గడియ వేసి ఉంది. దాని ముందు జర్మీనా నిలబడి ఉంది. భుజం మీద తీగ మీదినుంచి తీసిన బట్టలు అలాగే ఉన్నాయి, రెండు చేతులూ గడియ మీద బిగుసుకుపోయి ఉన్నాయి. ఏడవడం లేదు. ఆ మొహంలో స్నేహలత ఇంతకుముందెన్నడూ చూడనిదేదో వెలుగుతోంది.

“లోపలున్నాడు దీదీ,” అంది గుసగుసగా. “నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. వాసన వచ్చింది. దుప్పటి చాటున నిలబడి చూశాను. నన్ను దాటి గదిలోకి వెళ్లాడు. వెనకాలే వచ్చి గడియ పెట్టేశాను. నేనే పెట్టాను దీదీ. ఇన్నేళ్లూ వాడు నా మీద పెట్టేవాడు.”

ఇంకొక వేళ అయితే స్నేహలత ఆమెను కౌగిలించుకునేది. ఇన్ని నెలలుగా ఆ మనిషిలో ఏ ధైర్యం కోసం ఎదురుచూసిందో అది ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉంది. కానీ కింద పాప లేదు.

“జర్మీనా, పాప ఏది?”

“కిందే కదా. అమ్మమ్మ దగ్గర దీపాలు చూస్తోంది.”

స్నేహలత గడియ వేసిన తలుపు వైపు చూసింది. జర్మీనా మొహంలో ఆ వెలుగు చూస్తుండగానే ఆరిపోయింది. వెనక మెట్ల మీద బీబీ గుల్ గోడ పట్టుకుని ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఊపిరి ఎగబీలుస్తోంది. లోపల గింజలు చిటపటమంటున్నాయి. ఆ చప్పుడు మధ్యలో, ఎంతో నెమ్మదిగా, క్లాసులో పాఠం చెప్పేవాడి గొంతు వినిపించింది.

“తలుపు తియ్యి, జర్మీనా. పాప నా ఒళ్లోనే ఉంది.”

జర్మీనా నుదురు తలుపుకు ఆనించి తన భాషలో కూతుర్ని పిలిచింది. ఒకసారి, ఇంకోసారి. లోపల ఉలుకూ పలుకూ లేదు. స్నేహలత కూడా పిలిచింది. పిల్ల ఏడుపు లేదు, నవ్వు లేదు, కదిలిన అలికిడి కూడా లేదు.

“అబద్ధం చెబుతున్నాడేమో దీదీ,” అంది జర్మీనా. “మంచం కింద ఉందేమో. నేనే నేర్పాను. ఆ వాసన వస్తే మంచం కింద దూరమని. ఎవరు పిలిచినా పలకొద్దని. నేను పిలిచినా సరే పలకొద్దని.”

గింజల చప్పుడు ఆగిపోయింది. తలుపు కింది సందులోంచి వస్తున్న పొగ రంగు మారింది. ఇందాకటి తెల్లటి పొగ కాదు, నల్లగా, దట్టంగా, నేల మీద పాకుతూ స్నేహలత పాదాల దాకా వచ్చింది. ఇస్పంద్ వాసన ఎక్కడా లేదు. కాలుతున్న దూది వాసన వస్తోంది. గదిలో దూది ఉన్నది ఒక్కచోటే, మంచం మీది పరుపులో.

స్నేహలత చెయ్యి గడియ మీదికి వెళ్లింది. ఇనుము అప్పటికే వేడెక్కింది.